సెర్చ్ హెడ్‌కు తొడుగు ఉండాలి, ఆ తొడుగును రోజూ విప్పి కడగాలి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. మంత్రిగారి పర్యటనకు ముందు ఘాట్ రోడ్డులో ఒక కల్వర్టు దగ్గర బాంబ్ స్క్వాడ్ సిబ్బంది మెటల్ డిటెక్టర్‌తో తనిఖీ చేస్తున్నారు. ఇలాంటి ఫోటోలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. పాఠకులు ఒక్క క్షణం చూసి పేజీ తిప్పేస్తారు. ఆ పని చేసి రిటైరైన వాణ్ని కనుక నా చూపు కర్ర చివర ఉన్న గుండ్రటి పళ్లెం మీద ఆగిపోయింది. దాని అడుగున తొడుగు లేదు. అంచంతా రాళ్లకు రాసుకుని తెల్లబారింది. ఒకచోట పెచ్చు కూడా లేచింది. ఆ పళ్లెం గురించి, దానికి ఉండవలసిన తొడుగు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను పోలీసు శాఖ సాయుధ విభాగమైన ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏ.ఆర్.)లో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం బాంబు తనిఖీ బృందాల్లోనే గడిపాను. విశాఖ మన్యంలో చింతపల్లి, సీలేరు, పెదబయలు దారుల్లో వాహనాలకు ముందు దారి తనిఖీ చేసే రోడ్ ఓపెనింగ్ పార్టీతో నడిచాను. మైదాన ప్రాంతంలో సభలు, జాతరలు, పుష్కర ఘాట్లు చూశాను. తొడుగు వాడాలా వద్దా అన్న వాదన నేను పనిచేసిన ప్రతి చోటా ఉండేది. కొందరు మంచి పనివాళ్లే దాన్ని తీసి పెట్టెలో పడేసేవారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, వాటిలో ఒకటి నిజమైన కారణం కూడా. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ పళ్లెంలో ఏముందో చెప్పాలి. దాన్ని మేము సెర్చ్ హెడ్ అంటాం. ప్లాస్టిక్ డొల్ల లోపల సన్నని రాగి తీగ చుట్లు ఉంటాయి. చాలా రకాల్లో రెండు చుట్లు ఉంటాయి: ఒకటి అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది, రెండోది తిరిగి వచ్చేదాన్ని పట్టుకుంటుంది. నేలలో లోహం ఉంటే అందులో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి తమ సొంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. ఆ చిన్న మార్పే మన చెవికి శబ్దంగా వినబడుతుంది. లోహం లేనప్పుడు రెండో చుట్టుకు దాదాపు ఏమీ అందకుండా ఉండేలా ఆ రెండింటినీ ఎంతో జాగ్రత్తగా ఒకదానికొకటి సరిచేసి, కదలకుండా జిగురుతో బిగిస్తారు. తీగచుట్టు వెంట్రుకవాసి జరిగినా, డొల్లలోకి చెమ్మ చేరినా ఆ సమతూకం చెడుతుంది. యంత్రం డబ్బాలో బ్యాటరీ పోతే మార్చుకుంటాం, హెడ్‌ఫోన్ పోతే మరొకటి పెట్టుకుంటాం. సెర్చ్ హెడ్ పాడైతే మాత్రం బృందం దగ్గర బాగుచేసుకునే దారి లేదు.

మన్యం రోడ్డు మీద దానికి ఏం జరుగుతుందో చూడండి. శిక్షణలో పళ్లెం నేలకు తాకకూడదని, అంగుళం ఎత్తున సమాంతరంగా ఊపాలని చెబుతారు. చదునైన మైదానంలో అది సాధ్యమే. ఘాట్ రోడ్డు అంచున, మోకాలెత్తు గడ్డిలో, తూము పక్క ఏటవాలులో సాధ్యం కాదు. పైగా పళ్లెం ఎంత కిందకు ఉంటే అంత లోతు అందుతుందని ప్రతి ఆపరేటర్‌కూ తెలుసు. కాబట్టి చెయ్యి తనంతట తానే కిందకు దిగుతుంది. గ్రావెల్ రాయి ఒక్కొక్కటీ పళ్లేన్ని గీరుతూనే ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి అడుగు అరిగిపోతుంది, అంచున సన్నని బీట కనబడుతుంది. ఎండాకాలంలో ఆ బీట ఎవరికీ పట్టదు. జూన్ దాటి, మంచు కురిసిన గడ్డిలో తెల్లవారుజామున పళ్లెం ఊపినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ బీటలోంచి తడి లోపలికి పోతుంది, యంత్రం ఊరికే కూయడం మొదలుపెడుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. అడుగడుగునా కూసే యంత్రంతో కిలోమీటర్ల రోడ్డు తనిఖీ చేయడం మనిషి వల్ల కాదు. వెనక వాహనాలు ఆగి ఉంటాయి, పై అధికారులు వైర్‌లెస్ సెట్‌లో ఎంతవరకు వచ్చారని అడుగుతూ ఉంటారు. అప్పుడు ఆపరేటర్ చేసేది ఒక్కటే: సెన్సిటివిటీ మీట తగ్గిస్తాడు. కూత ఆగుతుంది, అందరికీ ఊరట. కానీ ఆ తగ్గింపుతో పాటు లోతున ఉన్న చిన్న లోహం కూడా యంత్రానికి దూరమైపోతుంది. స్టీలు క్యాన్‌లో పెట్టిన మందుపాతర తగ్గించిన సెన్సిటివిటీకీ దొరకవచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన దాంట్లో ఉండే లోహం, మందును పేల్చే డిటొనేటర్ గొట్టం, రెండు తీగ ముక్కలు మాత్రమే. ఆ గొట్టం చిటికెన వేలు కంటే సన్నం. మనకు కావలసింది అదే. పెచ్చులేచిన పళ్లెం దాన్ని వదిలేస్తుందని చెప్పడం లేదు. పెచ్చులేచిన పళ్లెం పట్టుకున్న మనిషి దాన్ని వదిలేసే పరిస్థితి వస్తుందని చెబుతున్నాను.

తొడుగు ఆపేది ఈ అరుగుదలనే. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ మూత అది. పళ్లెం అడుగుకు బిగుతుగా పడుతుంది. రాయి గీరితే మూత అరుగుతుంది, పళ్లెం అరగదు. మూత చిల్లిపడితే తీసేసి కొత్తది వేస్తాం.

వద్దనేవాళ్లు మొదట చెప్పేది లోతు తగ్గుతుందని. దీని మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఎందుకంటే ఎవరైనా గంటలో తేల్చుకోగల విషయం. ఇనుప మంచాలు, బీరువాలు లేని గదిలో చెక్క బల్ల మీద శిక్షణకు వాడే ఖాళీ డిటొనేటర్ గొట్టం పెట్టాలి. దాని మీద ఒక్కొక్క పుస్తకం పేర్చుకుంటూ శబ్దం ఆగిపోయే ఎత్తు కొలవాలి. తొడుగు తీసి ఒకసారి, వేసి ఒకసారి. బ్యారక్‌లో కుర్రవాళ్లు పందెం కాసినప్పుడు ఇలాగే చూపించాను. తేడా తొడుగు మందమంతే వచ్చింది, అంతకు మించి లేదు. ప్లాస్టిక్ విద్యుత్తును ప్రవహించనివ్వదు, అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోదు. పళ్లెం డొల్ల కూడా ప్లాస్టిక్కే కదా. ఒక పుస్తకం అట్టంత ఎత్తు గురించి పట్టుబట్టేవాళ్లు, నడకలో పళ్లెం నాలుగంగుళాలు పైకి లేచిపోవడాన్ని ముందు సరిచేసుకోవాలి. లోతు పోయేది అక్కడ.

రెండోది బరువు. దీన్ని కొట్టిపారేయను. కర్ర చివర చేరిన బరువు చేతికి ఎక్కువగా తెలుస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి మోచెయ్యి, భుజం చెబుతాయి. కానీ దానికి మందు తొడుగు తీసేయడం కాదు. కర్ర పొడవు మనిషి ఎత్తుకు సరిపెట్టుకోవాలి, భుజపట్టీ వాడాలి, ఆపరేటర్‌ను తరచూ మార్చాలి. అరగంట దాటితే చెవి కూడా అలసిపోతుంది. ఆ మార్పు తొడుగు ఉన్నా లేకున్నా కావలసిందే.

మూడోది మట్టి. ఇది నిజమైన ఫిర్యాదు. తొడుగును వ్యతిరేకించేవాళ్లలో ఎక్కువమంది ఈ అనుభవంతోనే విసిగి దాన్ని తీసి పారేశారు.

2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. ఎన్నో దేశాల యుద్ధనౌకలు వచ్చాయి, రాష్ట్రపతి, ప్రధాని వచ్చారు. బీచ్ రోడ్డు, దాని కిందనున్న ఇసుక అంతా తనిఖీ చేసే బృందాల్లో నేనూ ఉన్నాను. విశాఖ, భీమిలి తీరంలో అల వెనక్కి పోయినప్పుడు నల్లటి చారలు మిగులుతాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి ఇనుప ఖనిజాలున్న ఇసుక అది. అక్కడ పిల్లలు పాత స్పీకర్ అయస్కాంతం ఇసుకలో దొర్లించి, నల్లని నూగులా అంటుకున్నదాన్ని చూసి మురిసిపోతుంటారు. అలాంటి ఇసుకలో పొద్దుటి నుంచీ పళ్లెం ఊపాం. మొదట్లో బాగానే ఉంది. తర్వాత పళ్లెం తిప్పిన ప్రతిసారీ, ముఖ్యంగా ఊపు చివర దిశ మారినప్పుడు, ఒక చిన్న కూత. నేల మీద వెతికితే ఏమీ లేదు. గాలిలోకి ఎత్తి ఊపితే అక్కడా అదే కూత. గాలిలో కూడా కూసిందంటే తప్పు నేలలో లేదు.

తొడుగు విప్పి చూస్తే అడుగున అరచేతిలో పట్టేంత నల్ల ఇసుక. అంచు దగ్గర తడిసి ముద్దయింది, మధ్యలో పొడిగా ఉండి అటూ ఇటూ దొర్లుతోంది. ఆ దొర్లడమే కూత. నేలలోని ఖనిజాన్ని లెక్కలోంచి తీసేయడానికి యంత్రంలో ఏర్పాటు ఉంటుంది, దాన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటాం. కానీ తీగచుట్టుకు ఆనుకుని, ప్రతి ఊపుకూ చోటు మార్చుకునే ఇనుప రజనును ఏ గ్రౌండ్ బ్యాలెన్స్ సర్దగలదు? సముద్రపు ఉప్పునీటి తడి తోడైతే మరీ కష్టం, ఎందుకంటే ఉప్పునీరు విద్యుత్తును మోస్తుంది. చెప్పులో రాయి పడితే రాయి దులుపుకుని నడుస్తాం, చెప్పులు పారేసి ముళ్లలో నడవం. మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, తిరిగి బిగించాక ఆ యంత్రం సాయంత్రం దాకా మాట్లాడవలసిన చోట తప్ప మాట్లాడలేదు.

మన్యంలో ఈ ఇబ్బంది ఇంకో రూపంలో ఉంటుంది. గాలికొండ, జెర్రెల వైపు కొండల మీద బాక్సైట్ ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల ఎర్రటి లేటరైట్ నేలలో ఇనుము పుష్కలం. వానాకాలంలో ఆ ఎర్రబురద సన్నని ముద్దగా తొడుగు అంచులోంచి లోపలికి పాకుతుంది. ఎండాక పొడి అయి రాలుతుంది. అక్కడ రోజుకొకసారి విప్పితే చాలదు, ప్రతి హాల్ట్‌లోనూ విప్పాలి. విప్పడానికి రెండు నిమిషాలు చాలు. టీ తాగేలోపు అయిపోతుంది. ఈ రెండు నిమిషాలు పెట్టని బృందానికి తొడుగు మేలు కంటే కీడే చేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. అందుకే శీర్షికలో రెండూ కలిపి రాశాను.

శిక్షణలో మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన ఒక చరిత్ర ఇక్కడ చెప్పాలి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఉండిపోయిన తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుబట్టలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రాన్నే తయారుచేసి తెచ్చాడు. యంత్రం సరిగానే పనిచేసేది, కానీ రోగి పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి. వాటి వల్ల ఎక్కడ పెట్టినా శబ్దమే. తూటా దొరకలేదు, ఆ సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. కావలసిన లోహం కంటే దగ్గరగా మరో లోహం ఉంటే ఎంత గొప్పవాడి యంత్రమైనా చేతులెత్తేస్తుంది. తొడుగులో చేరిన నల్ల ఇసుక తీగచుట్టుకు ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి.

తొడుగు దొరకని చోట మనవాళ్లు సొంతంగా చేసుకునేవి కూడా చూశాను. పాత ప్లాస్టిక్ టబ్ అడుగు కోసి కట్టడం ఫరవాలేదు, కదలకుండా ఉంటే. టైరు ముక్క కట్టడం మాత్రం పూర్తిగా తప్పు, టైరులో ఉక్కు తీగలు ఉంటాయి. వెండిలా మెరిసే రేకు టేపు చుట్టడమూ తప్పే. కరెంటు పనివాళ్లు వాడే నల్ల ప్లాస్టిక్ టేపు అంచు చుట్టూ ఒక వరుస చుట్టుకుంటే దుమ్ము చాలావరకు ఆగుతుంది, విప్పడమూ తేలికే. కొందరు అంచును సిలికాన్‌తో అతికించేస్తారు. దుమ్ము రాదు కానీ, తొడుగు లోపల తడి చేరిందో లేదో ఇక చూడలేం. మరో మాట: మరకలు పోవాలని థిన్నర్, పెట్రోలు పెట్టి తుడవకండి. థిన్నర్ ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

అన్ని చోట్లా తొడుగు కావాలని నేననను. కల్యాణ మండపంలో, నున్నటి రాతి నేల మీద లేకపోయినా నష్టం లేదు. నీళ్లలో వెతికేటప్పుడు తీసేయడమే మేలు. 2015 గోదావరి పుష్కరాలప్పుడు ఘాట్ మెట్ల కింద నీళ్లలో వెతికిన బృందాలు ఆ సంగతి చెప్పగలవు: తొడుగులో సగం నీరు, సగం గాలి ఉండి పళ్లెం తేలుతూ మునుగుతూ చెయ్యి నిలవనివ్వదు. ఆ పనికి నీటిలో వాడదగ్గ పళ్లెమే ఉండాలి. తొడుగు అవసరమైనది గ్రావెల్ మీద, కంకర మీద, తుప్పల్లో, ఇసుకలో. మన బృందాలు ఎక్కువగా తిరిగేదీ అక్కడే.

ఇక కొనుగోళ్ల సంగతి. డిటెక్టర్ల టెండరు రాసేటప్పుడు యంత్రం, బ్యాటరీలు, చార్జర్, హెడ్‌ఫోన్, మోసుకెళ్లే సంచి అని పట్టిక ఉంటుంది. తొడుగు ఆ పట్టికలో ఉండదు, లేదా యంత్రంతో వచ్చిన ఒక్కటే ఉంటుంది. అది చిల్లిపడ్డాక మరొకటి అడిగితే ఇండెంట్‌లో, అంటే సరుకు కోరే పట్టికలో, ఆ పేరే లేదంటారు. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే జరిగింది. చిల్లిపడిన తొడుగు తీసేశాం, కొత్తది రాలేదు, పళ్లెం పగిలింది, మరమ్మతుకు వెళ్లింది. అది తిరిగి వచ్చేదాకా రెండు బృందాలు ఒకే యంత్రాన్ని పంచుకున్నాయి. ఒక బృందం పొద్దున్నే రోడ్డు తనిఖీకి వెళ్తే రెండోది అది వచ్చేవరకు కాచుకుని ఉండేది. ఆ చోటు పేరు చెప్పను. ఎవరినో తప్పుపట్టాలని కాదు, ఈ లోటు ఒక్కచోటిది కాదు. తొడుగు ఖరీదు పళ్లెం ఖరీదు ముందు లెక్కలోకి రాదు. యంత్రం ఒక్కటికి కనీసం రెండు తొడుగులు టెండరులోనే రాయాలి, ఆ తర్వాత బ్యాటరీల్లాగే ఏటా ఇండెంట్‌లో చేర్చాలి. ఆ యంత్రం నమూనాకు సరిగ్గా పట్టేదే తీసుకోవాలి. వదులు తొడుగు కదిలి చప్పుడు చేస్తుంది, మట్టినీ లోపలికి రానిస్తుంది.

ఇదంతా పోలీసుల సొంత వ్యవహారం కదా, పత్రికకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మందుపాతర పోలీసు కాలును గుర్తుపట్టి పేలదు. అడవికి కట్టెలకు వెళ్లినవాళ్లు, పశువులు కాసుకునేవాళ్లు వాటికి బలైన వార్తలు మీ పత్రికే ములుగు అడవుల నుంచి, బస్తర్ నుంచి రాసింది. మావోయిస్టుల కార్యకలాపాలు తగ్గిన ప్రాంతాల్లో కూడా ఎప్పుడో పాతిపెట్టినవి నేలలోనే ఉంటాయి. ఆ దారుల్లో ఇప్పుడు బడి పిల్లల ఆటోలు తిరుగుతున్నాయి, గర్భిణులను తీసుకువెళ్లే అంబులెన్సులు తిరుగుతున్నాయి. ఆ దారి బాగుందని ముందుగా చెప్పవలసింది ఆ పళ్లెమే.

గుప్తనిధుల కోసం అంగట్లో యంత్రాలు కొనుక్కుని పాత గుళ్ల చుట్టూ తిరిగేవాళ్ల కోసం ఈ సలహాలు రాయలేదని కూడా స్పష్టం చేస్తున్నాను. 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని అందులో ఉంది. శాసన స్తంభాలు పగలగొట్టి, గర్భగుడి పెకలించేవాళ్ల యంత్రం బాగుండాలని నేను కోరుకోను.

బృందాల్లో ఇప్పుడున్న కుర్రవాళ్లకు ఒక పద్ధతి చెబుతాను. డ్యూటీకి బయలుదేరే ముందు పళ్లేన్ని గాలిలో నడుము ఎత్తున పట్టుకుని, దగ్గర్లో ఏ లోహమూ లేకుండా చూసుకుని, నాలుగు వైపులా ఊపండి. కూతపెడితే తొడుగు విప్పి తుడిచి మళ్లీ ఊపండి. అప్పటికీ కూస్తే తీగ పళ్లేనికి చేరే చోట కదిపి చూడండి. అక్కడా ఏమీ లేకపోతే పళ్లెం అంచును వెలుతురుకు పట్టి బీట కోసం వెతకండి. బీట కనబడితే ఆ రోజు ఆ యంత్రాన్ని రోడ్డు మీదకు తీసుకువెళ్లకండి. సెన్సిటివిటీ తగ్గించి సర్దుకోకండి. పై అధికారికి నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, రిజిస్టరులో తేదీ వేసి రాయండి. తొడుగు మార్చిన తేదీ కూడా లోపలి వైపు స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి, ఎన్నాళ్లకు అరిగిందో తెలుస్తుంది, వచ్చే ఏడాది ఎన్ని అడగాలో లెక్క దొరుకుతుంది.

నా వివరాలు మీ కార్యాలయంలో ఇచ్చాను. ఏ బృందమైనా పిలిస్తే నా సొంత ఖర్చులతో వచ్చి, విప్పడం, కడగడం, బిగించడం వాళ్ల యంత్రం మీదే చేసి చూపిస్తాను. పుస్తకాల దొంతర పరీక్ష కూడా వాళ్ల ఎదుటే చేద్దాం.

ఇట్లు,
విశ్రాంత ఏ.ఆర్. హెడ్ కానిస్టేబుల్,
అనకాపల్లి జిల్లా